మట్టి గాజులు: సార్ నోట్‌బుక్ వెంట నాలుగు రోజులు

మొదటి రోజు – హనుమకొండ, వరంగల్ కోట

సార్ పోయి ఐదు నెలలు అవుతోంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన గ్యాస్ బట్టీ, కరెంటు సారె, గోడకు కొట్టిన చెక్క అరలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అరల నిండా హార్లిక్స్ సీసాలు, పచ్చడి సీసాలు. ఒక్కో సీసాకు తెల్ల కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉంటుంది: వేప, తుమ్మ, చింత, కందికట్టె, పత్తికట్టె, వరిపొట్టు. అన్నీ బూడిదలే. సగం సీసాలు ఖాళీ అయిపోయాయి. వాటిని నింపుకు రావడానికే ఈ ప్రయాణం. నేను, నాకంటే ముందు సార్ దగ్గర నేర్చుకున్న అక్క, కారు నడిపే తమ్ముడు, మొత్తం ముగ్గురం.

సార్ గురించి మీరు విని ఉండరు. ములుగు దారిలో ఒక ఊళ్ళో కుమ్మరింట్లో పుట్టారు. నాయన సారె పక్కన కూర్చుని చదువుకుని, బరోడా వెళ్ళి సిరామిక్స్ నేర్చుకుని, హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక హనుమకొండలో ఇల్లు కట్టుకున్నారు. ఆదివారం ఆ షెడ్డుకు ఎవరొచ్చినా నేర్పారు. ఫీజు లేదు, టీ కూడా ఆయనదే. అందరూ మట్టి సార్ అనేవాళ్ళు గానీ ఆయనకు గాజు మీద కూడా అంతే పిచ్చి. అసలు ఆ రెండూ వేరని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

నా మొదటి ఆదివారం ఇంకా గుర్తుంది. నా చేతులు చూసి "ఇవేం గాజులమ్మా?" అని అడిగారు. మట్టి గాజులు సార్ అన్నాను. "గాజుతో చేసిన వాటిని మట్టి గాజులు అని ఎందుకంటున్నవ్?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. చిన్నప్పటి నుంచి అంటున్న మాటే, ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. "మన అమ్మలకు ముందే తెలుసమ్మా, గాజంటే మట్టేనని" అని నవ్వి, నేలమీదే సుద్దముక్కతో పాఠం మొదలుపెట్టారు. పలుగురాయి, ఇసుక లాంటివి ఒట్టిగా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. అందులో సోడా, సున్నం పడితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది, అదే గాజు. మట్టిలో ఉన్నదీ చాలావరకు ఆ సరుకే, కాకపోతే కరగనియ్యకుండా పట్టి ఉంచేది ఇంకొకటి తోడుంటుంది. పింగాణీ కప్పు మీద మెరిసే పూత అంటే కప్పును కరుచుకుని ఉన్న పల్చటి గాజు పొర. కట్టె బూడిదలో సున్నం ఉంటుంది, పొటాష్ ఉంటుంది, కాబట్టి మట్టి మీద గాజు పుట్టించడానికి పొయ్యిలో బూడిద చాలు.

తర్వాతి వారం ఇంట్లో చిట్లిన రెండు ఆకుపచ్చ గాజులు తెమ్మంటే తీసుకెళ్ళాను. పచ్చి పళ్ళెం ఒకటి తీసి మధ్యలో గుంట చేసి, అది ఆరి ఒకసారి కాలాక ఆ గుంటలో నా గాజు ముక్కలు పేర్చి మళ్ళీ బట్టీలో పెట్టారు. రెండు రోజులకు బట్టీ చల్లారాక తలుపు తీస్తే పళ్ళెం మధ్యలో చిన్న ఆకుపచ్చ మడుగు. అడుగు కనిపిస్తోంది. దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఆ మడుగు లోపలంతా ఎండిన చెరువులో బీటల్లాంటి సన్న గీతలు, కాస్త వంచితే ఒక్కో గీతా వెలుగుతోంది. చల్లారేటప్పుడు గాజు ఎక్కువ ముడుచుకుంటుంది, కింద మట్టి అంత ముడుచుకోదు, ఆ గుంజులాటలో పడ్డవే ఆ గీతలు. ఆ పళ్ళెం ఇప్పటికీ మా టీవీ పక్కనే ఉంది.

పొద్దున అమ్మ (సార్ భార్యను మేమందరం అమ్మ అనే పిలుస్తాం) నాలుగు బౌండు నోట్‌బుక్కులు తెచ్చి మా ముందు పెట్టారు. ప్రతి పేజీలో స్కేలుతో కొట్టిన గడులు: ఏ బూడిద, ఎక్కడిది, ఏ మట్టితో, ఎన్ని డిగ్రీలు, ఏమైంది. ఆ చివరి గడిలో ఎక్కువసార్లు ఉన్న మాటలు కారింది, పొంగింది, పట్టలేదు, పగిలింది. బాగా వచ్చినవి వెతుక్కోవాలి. ఒకటి నుంచి 412 దాకా అన్ని గడులూ నిండాయి. 413 నుంచి 421 దాకా మాత్రం మొదటి రెండే నింపి ఉన్నాయి, అంటే తేవాలనుకుని తేలేకపోయినవి. మా దారి ఆ తొమ్మిది వరసలే.

మొదట కోటకు వెళ్ళాం, ఎందుకంటే సార్ ఏ బ్యాచ్‌నైనా ముందు తీసుకెళ్ళేది అక్కడికే. అందరూ కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ చూసి వెనక్కి వెళ్తారు. ఆయన మాత్రం రాతి కోట బయట ఉన్న మట్టి కోట దగ్గర నిలబెట్టేవారు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమ పూర్తి చేసిన కోట ఇది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ దండు ముట్టడించినప్పుడు ఈ మట్టిగోడలో ఉక్కు బరిసె కూడా దిగదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. కాల్చని మట్టే. పేర్చి, తడిపి, దిమ్మిస చేసిన మట్టి. ఇప్పుడు దాని మీద సర్కారు తుమ్మ మొలిచింది, మేకలు తిరుగుతున్నాయి, గోడ అని తెలియకుండానే జనం దాటి పోతుంటారు. ఇది రక్షిత కట్టడం, ఇక్కడి నుంచి గుప్పెడు కూడా తీయకూడదు, సార్ ఎప్పుడూ తీయనిచ్చేవారు కాదు. చెయ్యి ఆనించి చూడమనేవారు, అంతే. మేమూ అదే చేశాం. సాయంత్రం ఎండకు గోడ ఇంకా వెచ్చగా ఉంది.

రెండో రోజు – సార్ ఊరు, రామప్ప, భూపాలపల్లి

ములుగు రోడ్డు పొడుగునా మోదుగ పూసింది. ఆకులు లేవు, ఒట్టి పూలే. 414వ వరసలో మోదుగ కట్టె ఉంది గానీ ఎండుకట్టె కోసం ఊళ్ళో అడగాల్సిందే.

సార్ ఊళ్ళో ఆయన చిన్నాయన కొడుకు ఇప్పటికీ సారె తిప్పుతాడు. డెబ్బై దాటి ఉంటాయి, తాత అంటాం. వాకిట్లో ఐరేని కుండలు ఆరబెట్టి ఉన్నాయి, పెళ్ళిళ్ళ సీజన్ కదా. మా దగ్గర పెళ్ళంటే కుమ్మరింటికి మేళంతో వెళ్ళి ఐరేని కుండలు తెచ్చుకోవాల్సిందే, ఇంట్లో ఎన్ని స్టీలు బిందెలున్నా అవి పనికిరావు. ఆ ఒక్క ఆచారం వల్లే కొన్ని ఇళ్ళలో సారె ఇంకా తిరుగుతోందని సార్ అనేవారు. తాత ఒక పచ్చికుండ ఒళ్ళో పెట్టుకుని లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తడుతున్నాడు. కుండ తిరుగుతూ తిరుగుతూ కొంచెం కొంచెం పెద్దదవుతోంది. గోడ ఎంత పల్చనయ్యిందో చూసి తెలుసుకోవడం లేదు, చప్పుడు వింటున్నాడు. తట్టే చప్పుడు మారగానే చెయ్యి పక్కకు జరుపుతాడు. నేను పదిహేనేళ్ళుగా మట్టి పని చేస్తున్నాను, నాకు ఆ చప్పుడులో తేడా ఇంకా సరిగా అందదు.

"మా అన్న నన్ను హైదరాబాద్ తీస్కపోయి పోరగాండ్లకు పాఠం చెప్పు అన్నడు బిడ్డా. నాకు సదువు రాదంటె, నాకు కుండ తట్టుడు నీ అంత రాదు గదా, ఎవనికి వచ్చింది వాడే చెప్పాలె అన్నడు. కుర్సీల కూసోబెట్టిండు." తాత ఇది చెప్పేటప్పుడు చెక్క ఆపలేదు. అక్కకు ఆ రోజు గుర్తుంది, ఆ క్లాసులో తనూ ఉందట. తాత వచ్చినన్ని రోజులూ సార్ విద్యార్థులతో కలిసి కింద కూర్చున్నారట.

ఊరి చెరువు మట్టితో చేసిన కుండ ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, చక్కగా కాలుతుంది, కానీ అదే కుండను 1,250 డిగ్రీలకు తీసుకెళితే నిలబడదు, కుంగి ముద్దయిపోతుంది. మాకు కాలేజీల్లో ఈ మట్టి పనికిరాదని చెప్పింది అందుకే. సార్ దాన్ని తిరగేశారు. కరిగే గుణం ఉంటే పూతగా వాడుకుందాం అన్నారు. బయటి నుంచి తెచ్చిన గట్టి మట్టితో పాత్ర చేసి, దాని మీద తాత చెరువు మట్టి, పత్తికట్టె బూడిద సగం సగం కలిపి పూస్తే, అది కరిగి తేనె రంగు నుంచి కరక్కాయ రంగు దాకా రకరకాలుగా వచ్చింది. ఆయన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పనికిరాదన్న మట్టే గాజైంది.

పత్తి తీయడం అయిపోయింది, రైతులు కట్టె పీకి చేల గట్ల మీద కుప్పలేసి కాలుస్తున్నారు. ఒక చేను దగ్గర ఆగి బూడిద కావాలంటే ఆయన మమ్మల్ని పైకీ కిందికీ చూసి, సంచి కూడా తనే పట్టాడు. ఆవం అడుగు బూడిద, మోదుగ కట్టె తాత ఇచ్చాడు. మిరపకట్టె మాత్రం దొరకలేదు, కాయ ఇంకా చేలమీదే ఉంది, ఏప్రిల్‌లో మళ్ళీ రావాలి.

మధ్యాహ్నం రామప్ప. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరాక జనం బాగా పెరిగారు. గైడ్లు శిల్పాలు చూపిస్తారు, ఆ నల్లరాతి మదనికలను చూపించాల్సిందే, తప్పులేదు. సార్ మాత్రం శిఖరం చూడమనేవారు. అది ఇటుకది. నీళ్ళలో వేస్తే తేలేంత తేలిక ఇటుకలు, గుడి నెత్తిన బరువు తగ్గించడానికి వాడినవి. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఈ పాలంపేటలో ఎవరో మట్టిలో ఏదో కాలిపోయే పదార్థం కలిపి, అది కాలి ఖాళీ అయిన చోటల్లా గాలి మిగిలేలా చేశారు. రాయి చెక్కిన వాడి పేరుతో గుడినే పిలుస్తున్నాం, ఇటుక కాల్చిన వాడి పేరు ఎవరూ అడగరని ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆయన బాధపడేవారు. నాకూ ఇప్పుడు ఆ శిఖరం చూస్తే ముందు ఆ మనిషే గుర్తొస్తాడు.

సార్ కూడా అలాంటి ఇటుక చేయాలని చూశారు. రెండో నోట్‌బుక్‌లో ఉంది. రంపపు పొట్టు, ఊక రకరకాల పాళ్ళలో కలిపారు. మొదటివి బట్టీలోనే పగిలాయి. ఒకటి నిలిచింది. ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను, తొట్టిలో వేస్తే తేలింది, మేమంతా చప్పట్లు కొట్టాం, ఆయన మాత్రం గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. మెల్లగా నీళ్ళు పీల్చుకుని అడుగుకు దిగింది. చివరి గడిలో "తేలింది, 20 నిమిషాలు" అని రాశారు. పైకి తెరుచుకున్న రంధ్రాల్లోకి నీళ్ళు పోతాయి, అవి మూసుకోవాలి, అది ఎట్లా అని దాని కింద ప్రశ్నార్థకం.

రాత్రి భూపాలపల్లి లాడ్జిలో నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చుంటే మాటల్లో లిటిల్‌టన్ కథ వచ్చింది. సార్ దగ్గర నేర్చుకున్న ఎవర్ని నిద్రలేపి అడిగినా చెబుతారు. హార్వీ లిటిల్‌టన్ 1922లో అమెరికాలో కార్నింగ్ అనే గాజు ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టాడు. తండ్రి అక్కడి గాజు కంపెనీలో శాస్త్రవేత్త. తల్లి ఒకరోజు గట్టి గాజు జాడీ అడుగుభాగంలో కేకు కాల్చింది, వేడికి పగలని పైరెక్స్ గాజు గిన్నెల పుట్టుకలో ఆ కేకు కథ ఉంటుంది. కొడుకు మాత్రం కుండల వైపు వెళ్ళాడు, విస్కాన్సిన్ యూనివర్సిటీలో కుండలు చేయడం నేర్పే మాస్టారు అయ్యాడు. అప్పట్లో గాజు అంటే ఫ్యాక్టరీ పనే. బొమ్మ గీసేవాడు ఒకడు, ఊదేవాడు ఇంకొకడు. ఒక్క మనిషి తన చిన్న కొలిమి దగ్గర మొదటి నుంచి చివరిదాకా గాజు పని చేయలేడా అని ఈయనకు పట్టుకుంది. 1962 మార్చిలో టొలీడో మ్యూజియం ఆవరణలో ఒక గ్యారేజీలో కొలిమి కట్టి వర్క్‌షాప్ పెట్టాడు. మొదట వేసిన సరుకు పనికిరాలేదు. అప్పుడు డొమినిక్ లబీనో అనే ఆయన ఫైబర్‌గ్లాస్ కోసం చేసే గాజు గోళీలు కరిగించి చూడమన్నాడు, అవి కరిగాయి, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన ఊదడం చూపించాడు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. ఆ తర్వాత విస్కాన్సిన్‌లోనే గాజు పాఠాలు మొదలయ్యాయి, డేల్ చిహూలీ లాంటి పేరున్న గాజు కళాకారులు ఆ క్లాసులోంచి వచ్చినవాళ్ళే. లిటిల్‌టన్ 2013లో, 91 ఏళ్ళ వయసులో పోయాడు.

ఈ కథలో సార్ నొక్కి చెప్పేది పనికిరాని ఆ మొదటి సరుకు గురించి. అది చెడిపోకపోతే గోళీల మాట పుట్టేది కాదు. ఇంకోటి కూడా అనేవారు: ఆయన గాజుకు కుమ్మరి పద్ధతి తెచ్చాడమ్మా, మట్టి తవ్వేదీ, తిప్పేదీ, కాల్చేదీ మా నాయన ఒక్కడే కదా. అక్క ఈ మాట సార్ గొంతుతోనే చెబుతుంది. తమ్ముడు లైటు ఆర్పేశాక కూడా చాలాసేపు ఎవరం పడుకోలేదు.

మూడో రోజు – మంథని, ధూళికట్ట, సుల్తానాబాద్

మంథని రోడ్డు మీద గుంతలో కారు ఎగిరేసరికి వెనక డిక్కీలో సీసాలు దొర్లాయి. ఆపి చూస్తే రెండు మూతలు ఊడి పత్తికట్టె, మోదుగ కలిసిపోయాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారే, సరిగ్గా అట్లా. తమ్ముడి మొహం చూడలేకపోయాం, పాపం తప్పు వాడిది కాదు. రోడ్డు పక్కనే కూర్చుని, కలిసిన దాన్ని జాగ్రత్తగా ఎత్తి వేరే సీసాలో పోశాం. అక్క నోట్‌బుక్ తీసి 422వ వరస కొత్తగా మొదలుపెట్టింది: "పత్తి, మోదుగ, దారిలో కలిసింది." సార్ ఉంటే ఇదే రాయించేవారు.

ధూళికట్ట స్తూపం, పెద్దబంకూరు తొందరగా చూశాం. శాతవాహనుల నాటి ఊళ్ళు ఇవి. పెద్దబంకూరులో ఇటుకలతో కట్టిన బావులే కాదు, కాల్చిన మట్టి ఉంగరాలను ఒకదాని మీద ఒకటి పేర్చి దింపిన బావులు కూడా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కింద అంత పెద్ద ఉంగరం వంకర పోకుండా కాల్చారంటే ఆ ఆవం ఎట్లా పేర్చారో అని మేం ముగ్గురం వాదించుకుంటూనే ఉన్నాం. కుమ్మరులు తమను శాలివాహనులమని చెప్పుకుంటారు. కుమ్మరింట్లో పెరిగిన శాలివాహనుడు మట్టితో గుర్రాలనూ సైనికులనూ చేసి ప్రాణం పోసుకున్నాడన్న కథ తాత కూడా చెబుతాడు.

సుల్తానాబాద్‌లో రైస్ మిల్లులకు కొదవలేదు. ఒక మిల్లులో బాయిలర్ బూడిద సంచి నింపుకోమన్నారు, డబ్బులిస్తే తీసుకోలేదు. వరిపొట్టు బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, కట్టె బూడిదలా కరిగించే గుణం ఉండదు. కానీ వేరే బూడిదతో కలిపి వేస్తే మజ్జిగ తేటలాంటి మసక తెలుపు వస్తుంది.

నాలుగో రోజు – కోటిలింగాల, మళ్ళీ హనుమకొండ

కోటిలింగాల గోదావరి ఒడ్డు. శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుడి నాణేలు దొరికిన చోటు, ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు ఇప్పుడు ఆ పాత ఊరిని చాలావరకు ముంచేశాయి. 421వ వరస ఇదే: గోదావరి ఇసుక. సార్ ఈ ఇసుకతో సోడా, సున్నం కలిపి ఇదివరకు గాజు చేశారు, మూడో నోట్‌బుక్‌లో ఉంది. లేత ఆకుపచ్చగా వచ్చింది, లోపలంతా బుడగలు. ఇసుకలో ఇనుము ఉంటే ఆ పచ్చదనం తప్పదు. అయస్కాంతం తిప్పి ఇనుము రేణువులు తీసేసి మళ్ళీ చేయాలని పక్కన రాసుకున్నారు.

మా చేతిలో బూడిద డబ్బాలు చూసి పడవాయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "కలపనీకి వచ్చిన్రా బిడ్డా? ఎవరు పోయిన్రు?" అని అడిగాడు. మాకు ఒక్క క్షణం ఏం చెప్పాలో తెలియలేదు. సార్ అస్థికలు కాళేశ్వరంలో అప్పుడే కలిపేశారు. ఇది పత్తికట్టె బూడిద, ఇది పొట్టు బూడిద, కుండలకు పూస్తామని అక్క చెప్పింది. ఆయన మూత తీయించి చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసి, "దీంతోని అద్దం లెక్క మెరుస్తదా?" అన్నాడు. మెరుస్తుందని చెప్పి తమ్ముడు ఫోన్‌లో సార్ గిన్నెల ఫొటోలు చూపించాడు. ఆయన చాలాసేపు చూశాడు. ఆ తర్వాత సంచిలోకి ఇసుక ఎత్తడానికి తనే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, పైపై బురద లేని చోటు చూసి తీసిచ్చాడు.

కరీంనగర్ మీదుగా ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తొమ్మిదిలో ఆరు దొరికాయి. షెడ్డులో బకెట్లు పెట్టి బూడిదలు నానబోశాం, రేపు జల్లెడ పట్టాలి, నీళ్ళు మార్చాలి, గ్లౌజులు లేకుండా చెయ్యి పెడితే ఆ నీళ్ళు చర్మాన్ని కొరుకుతాయి. అమ్మ టీ తెచ్చి, కూర్చోకుండా అక్కడే నిలబడి ఒక్కో సీసా చదివారు. లోపలికి వెళ్ళి పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. విప్పితే ఆకుపచ్చ మట్టి గాజులు.

"పదో దినం పలగ్గొడతమన్నరు. నేను పలగ్గొట్టనియ్యలె, తీసి దాసిపెట్టిన. మీ సారు చేసిన పళ్ళాలు ఇంకా రెండున్నయ్ గదా, పచ్చియి. అండ్ల వెయ్యున్రి."

అరలో నిజంగానే రెండు పచ్చి పళ్ళాలు ఉన్నాయి, మధ్యలో గుంట సార్ బొటనవేలితో నొక్కిందే, ఆ వేలి గీతలు ఇంకా తెలుస్తున్నాయి. అక్క గాజులు లెక్కపెట్టింది. రెండు డజన్లకు ఒకటి తక్కువ. నేను నోట్‌బుక్ తీసి 422 కింద స్కేలుతో గీత కొట్టి రాశాను. 423. మట్టి గాజులు, ఆకుపచ్చ, 23. ఎక్కడిది అన్న గడిలో ఇల్లు అని రాశాను. ఏ మట్టితో అంటే సార్ చేసిన పళ్ళెం. డిగ్రీల గడి, ఏమైంది గడి ఖాళీగా వదిలేశాను. బట్టీ వచ్చే ఆదివారం వెలిగిస్తున్నాం.